ముంజేతి సాక్ష్యం

పాస్టరమ్మకు చేతులు ఊరుకోవు. అలాంటి మనిషిని తీసుకెళ్ళి, ముక్కూ మొహం తెలియని దేశంలో, మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో దింపి, "ఇక ఇదే మీ సేవ అమ్మా" అని చేతులు దులుపుకున్నారు మిషన్ పెద్దలు. వాళ్ళ సొమ్మేం పోయింది? ఇక్కడ ఈమె తుడిచిన గట్టునే తుడిచి, మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మడతపెట్టి, కిటికీకీ తలుపుకీ మధ్య నేల అరిగేలా తిరిగేది. ఆఖరికి విసుగెత్తి వీధిలోకి పోయేది. వీధిలో మాత్రం ఏముంది? ఎవరి తొందర వాళ్ళది. ఏ గుమ్మం ముందు ఆగి "ఏమ్మా, ఏం చేస్తున్నావు?" అందామన్నా తలుపులన్నీ మూసే ఉండేవి.

పాస్టరు అవస్థ ఇంకా ఘోరం. ఆమెకు చేతులు ఊరుకోకపోతే ఆయనకు నోరు ఊరుకోదు. సొంత ఊళ్ళో ఆయన సభ అంటే వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా లౌడ్‌స్పీకర్లు, జంబుఖానాల మీద కిక్కిరిసిన జనం. ఆయన ఒక్క మాట అంటే పందిరంతా ఒక్క గొంతుతో 'ఆమెన్' అనేది. ఇక్కడ తెల్లవారుజాము ప్రార్థనలో కాస్త గొంతు పెంచాడో లేదో, కింది ఇంటివాడు చీపురు కర్రతో తన ఇంటి కప్పును టకటకా పొడిచేవాడు.

"దేవుడితో గుసగుసలాడమంటాడేంటే వీడు? నేనేమన్నా దొంగతనం చేస్తున్నానా?" అని పాస్టరు ఉడికిపోయేవాడు.

"దేవుడికి చెవుడు లేదులెండి. మెల్లగా అడిగినా వింటాడు," అనేది పాస్టరమ్మ.

కరపత్రాలు పట్టుకుని బస్టాపుల వెంట తిరిగాడు. ఇక్కడివాళ్ళు మర్యాదస్తులు. నవ్వుతూ తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, బస్సెక్కి పోయేవాళ్ళు. ఒక్కడన్నా ఆగి తిట్టినా ఆయనకు ప్రాణం లేచొచ్చేది. తిట్టినవాడితో వాదం పెట్టుకోవచ్చు, వాదం పెట్టుకున్నవాణ్ణి ఇంటికి పిలవొచ్చు. ఈ నవ్వుతో ఏం చేసుకోవాలి?

ఒకసారి బ్రెడ్డు దుకాణం యజమాని పలకరించాడు కదా అని, మర్నాడు ఆలుమగలిద్దరూ చెప్పాపెట్టకుండా వాళ్ళింటికి ప్రార్థన చేద్దామని వెళ్ళారు. మనవైపు పాస్టరు గడప తొక్కితే ముందు చాప పరుస్తారు, తర్వాతే సంగతేమిటని అడుగుతారు. ఇక్కడ ఆ ఇల్లాలు తలుపు బెత్తెడు తీసి, తెల్లబోయిన మొహంతో, "ఎవరైనా పోయారా?" అని అడిగింది. ఎవరూ పోలేదమ్మా, ఊరికే వచ్చాం అని వచ్చీరాని మాటలతో, సైగలతో చెప్పి ఒప్పించేసరికి వీళ్ళకు చెమటలు పట్టాయి. ఆ తర్వాత నెలకు పైగా పాస్టరమ్మ బ్రెడ్డు కోసం రెండు వీధులు చుట్టూ తిరిగి ఇంకో దుకాణానికి పోయింది, సిగ్గుతో.

జనంలో పడితే గానీ భాష రాదని మిషన్ పెద్దలే ఆమెను ఒక లాండ్రీలో పనికి కుదిర్చారు. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు కొండల్లా వచ్చి పడే చోటు. పాస్టరు మాత్రం భాష నేర్పే బడికి వెళ్ళాడు. వెళ్ళి, మూడో రోజే పంతులమ్మకు ఏసు రక్షణ గురించి చెప్పబోయి, ఆవిడ నొచ్చుకుంటే ఈయన అలిగి, మానేశాడు. దాంతో ఆయన నమస్కారం, ధన్యవాదాల దగ్గరే ఆగిపోయాడు. ఆమె మాత్రం ఆవిరి మరల మోతలో అరుస్తూ అరుస్తూ, బేరాలు, బూతులు, పరాచికాలతో సహా భాష మొత్తం నమిలేసింది.

ఆ లాండ్రీలో పనివాళ్ళందరి మీదా అజమాయిషీ చేసే ఒక పెద్దావిడ ఉండేది. మనవైపైతే మేస్త్రమ్మ అంటాం, అలాగే అందాం. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే మరలు కూడా కాస్త తగ్గి తిరుగుతున్నాయా అనిపించే మనిషి. మొదటి రోజు పాస్టరమ్మ బట్టల వేడికి తట్టుకోలేక పొడుగు చేతుల జాకెట్టు మోచేతుల దాకా మడిచింది. మడిచాక గుర్తొచ్చింది. ఎడమ ముంజేయి బయటపడింది. మణికట్టు దగ్గర్నుంచి మోచేయి దాకా ముడుచుకుపోయి మెరిసే మచ్చ.

మేస్త్రమ్మ ఆ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తన చెయ్యి చాపింది. దాని మీదా ఒక వాత. పక్కనున్న వాళ్ళ చేతుల మీదా వాతలే. ఇస్త్రీ మర దగ్గర పనిచేసిన ఆడవాళ్ళందరికీ ఏదో ఒకటి ఉంది. ఈమెది కాస్త పెద్దది, అంతే.

"పాత పనిమంతురాలివే అన్నమాట! ఎక్కడ, మీ ఊళ్ళోనా?" అంది మేస్త్రమ్మ, సగం మాటలు సగం సైగలతో.

"మా ఊళ్ళోనే," అంది పాస్టరమ్మ.

అబద్ధం కాదు గదా అని ఆ పూటకు మనసుకు సర్దిచెప్పుకుంది. ఇంటికెళ్తూ బస్సులో కిటికీ అద్దంలో తన మొహం చూసుకుని నవ్వుకుంది. అంత తేలికగా ఊపిరాడి ఎన్నాళ్ళయిందో!

అసలు సంగతి చెప్పకపోతే ఆ నవ్వు అర్థం కాదు. సొంత ఊళ్ళో ఆమెను అందరూ 'మచ్చ పాస్టరమ్మ' అనేవాళ్ళు. ఎగతాళికి కాదు, పాపం, ఎంతో గౌరవంగానే. పాస్టరు ఒకప్పుడు లారీ డ్రైవరు. తాగుబోతు. ఒకరోజు పూటుగా తాగొచ్చి, ఇంకా అన్నం కాలేదా అని పొయ్యి మీద మరుగుతున్న ఎసరు ఎత్తి పెళ్ళాం మీద పోశాడు. ఆ దెబ్బకు ఆమె ఆసుపత్రి పాలైంది. ఆసుపత్రి వరండాలో ఈయన చేతికి ఎవరో బైబిలిచ్చారు. మళ్ళీ చుక్క ముట్టలేదు. అది నిజం. కట్టుకున్నదాన్ని పల్లెత్తు మాట అనలేదు. అదీ నిజమే. ఆమె పనికి వెళ్తుంటే ఇప్పుడు వంటింట్లో గిన్నెలు తోమేది ఆయనే.

అయితే ఆయనకు పేరు తెచ్చింది, ఈ కథనే సభల్లో చెప్పుకునే సాక్ష్యం. సభలో ముందు తన పాపాలన్నీ ఏకరువు పెడతాడు. గొంతు గద్గదమవుతుంది. జనం ముక్కులు చీదుతుంటారు. సరిగ్గా అప్పుడు, "ఇలా రామ్మా" అని పెళ్ళాన్ని వేదిక మీదకు పిలుస్తాడు. ఆమె వచ్చి జాకెట్టు చెయ్యి పైకి మడిచి, ముంజేయి ఎత్తి చూపించాలి. "ఈ చేతిని కాల్చిన పాపిని నేనే! నన్నే క్షమించిన దేవుడు మిమ్మల్ని క్షమించడా?" అంటాడు. పందిరి దద్దరిల్లిపోయేది. తాగుబోతులు ఏడుస్తూ ముందుకు వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు ఆమె చెయ్యి తాకి కళ్ళకద్దుకునేవాళ్ళు. చెయ్యి దించి మళ్ళీ జంబుఖానా మీద కూర్చునేదాకా ఆమె నేల వైపే చూస్తుండేది. ఆ ఎసరు ఒళ్ళో ఉన్న పసిపిల్ల మీద పడకుండా ఆమె చెయ్యి అడ్డం పెట్టిందన్న సంగతి మాత్రం సాక్ష్యంలో లేదు. ఆయనకు గుర్తుంటే గదా! ఆమెను అడిగినవాళ్ళూ లేరు.

ఈ దేశంలో ఆ సాక్ష్యం ఇంకా మొదలుకాలేదు. మొదట్లో మన దేశపు ఇంజనీరు ఒకాయన ఆదివారాలు తర్జుమాకు వచ్చేవాడు. ఆయన తెలివైనవాడు. "సాక్ష్యానికి ఇంకా టైముందిలెండి పాస్టరుగారూ, ముందు బైబిల్ వాక్యం చెప్పండి" అని దాటేస్తూ వచ్చాడు. ఆయనకు వేరే ఊరు బదిలీ అయ్యాక తర్జుమా పాస్టరమ్మ నెత్తిన పడింది. ఒక మూతపడ్డ సంగీతం బడిలో గది, ప్లాస్టిక్ కుర్చీలు, పట్టుమని పదిమంది. ఆయన ఒక మాట, ఆమె ఒక మాట. మంచం కింద బూజు దులిపినంత అనాయాసంగా చెప్పేసేది.

ఇదిగో, అప్పుడే ఆమె తన గొయ్యి తనే తవ్వుకుంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర మేస్త్రమ్మ, "ఆదివారాలు నువ్వేదో మాట్లాడతావటగా, నేనూ వస్తా" అంది. "రండి, రండి, అందరూ రండి" అని ఈమె సంబరపడిపోయింది. ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. లాండ్రీ నుంచి అరడజను మంది వస్తున్నారని వినగానే పాస్టరు గిన్నె తోముతున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

"ఇన్నాళ్ళకు దేవుడు కన్ను తెరిచాడే! ఈ ఆదివారం సాక్ష్యం చెప్తాను. నువ్వు తర్జుమా చెయ్యి."

పాస్టరమ్మ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. "వద్దండీ," అంది.

"వద్దేంటి?"

"నేను పనిచేసే చోటివాళ్ళు. వాళ్ళ ముందు నా చెయ్యి ఎత్తి చూపించలేను. నా నోటితో ఆ మాటలు నేను చెప్పలేను."

"ఇన్నేళ్ళూ చూపించావుగా?"

"చూపించాను. ఇక్కడ నన్నెవరూ మచ్చ పాస్టరమ్మ అనరు. నాకిదే బాగుంది."

పాస్టరు గదిలో అటూ ఇటూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. చివరికి కుర్చీలో కూలబడి, "నా దగ్గర ఇంకేముందే?" అన్నాడు. "నేను చదువుకున్నవాణ్ణా? ఏడో తరగతి తప్పాను. వాక్యం ఎవడైనా చెప్తాడు. నేను చెప్పగలిగింది ఇదొక్కటే. దీన్ని కూడా మింగేసి కూర్చుంటే, వచ్చే నెల పెద్దలు వచ్చి మీ సేవేంటి చూపించండి అంటే, గిన్నెలు చూపించనా?"

ఆమెకు జాలేసింది. అదే తంటా ఆమెతో. ఆ సాక్ష్యం విని తాగుడు మానిన మనుషులను ఆమె కళ్ళారా చూసింది. వాళ్ళ పెళ్ళాలు ఇంటికొచ్చి కాళ్ళ మీద పడ్డారు. అలాంటిదాన్ని తన సిగ్గు కోసం ఆపడం పాపమేమో అని ఒక పక్క, నా చెయ్యి నా ఇష్టం అని ఇంకో పక్క. ఈ రెండింటి మధ్యా నలిగిపోయింది మనిషి.

మర్నాడు లాండ్రీలో ఆమె మడతలన్నీ వంకర పోయాయి. దిండు గలీబులు తెచ్చి దుప్పట్ల గుట్టలో పడేసింది. "ఏమైంది నీకు? ఇంటి దగ్గర పొయ్యి ఆర్పకుండా వచ్చావా?" అని మేస్త్రమ్మ పరాచికాలాడింది. ఈమె నవ్వలేకపోయింది. పని అయ్యాక ఇంటికి పోకుండా బస్సు ఎక్కి, మధ్యలో దిగి, తెలియని వీధులన్నీ కాళ్ళు పీకేదాకా తిరిగింది. దారిలోనే, మన దేశంలో ఉండిపోయిన కూతురికి, ఆనాడు ఒళ్ళో ఉన్న ఆ పిల్లకే, ఫోను చేసింది.

"నాన్న అక్కడ కూడా మొదలుపెట్టారా?" అంది కూతురు వినీ వినగానే. "బళ్ళో నన్ను ఏమని పిలిచేవాళ్ళో నీకు తెలుసుగా. చెయ్యనంటే చెయ్యనని చెప్పమ్మా."

"చెప్పాను తల్లీ."

"మళ్ళీ చెప్పు. నాన్నకు ఒకసారి చెప్తే ఎక్కదు."

ఫోను పెట్టేశాక ఆమెకు ఒక దొంగ ఆలోచన వచ్చింది. ఆయనకు భాష రాదు. ఆయన తాగానంటే ఈమె జ్వరమొచ్చింది అనొచ్చు. ఎసరు పోశానంటే నీళ్ళు ఒలికాయి అనొచ్చు. ఆయన ఏడుస్తాడు, ఈమె ఏదో ఒకటి చెప్తుంది, అందరూ టీ తాగి ఇళ్ళకు పోతారు. ఎంత హాయి! ఆ హాయి నాలుగు వీధులు కూడా నిలవలేదు. ఆయన పాపమైనా, దేవుడి మాటైనా, ఒకరు నమ్మి నోటికిచ్చినదాన్ని మార్చి చెప్పడం ఆమె వల్ల కాని పని. చెప్తే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, లేదా నోరు మూసుకోవాలి. ఇంటికెళ్ళి, "సరే, చేస్తాను. చెయ్యి మాత్రం చూపించను" అంది.

"అలాగేలే," అన్నాడు పాస్టరు. ఆయన మొహం వెలిగిపోయింది. ఇస్త్రీ చొక్కా తనే తీసి పెట్టుకున్నాడు.

ఆదివారం మేస్త్రమ్మ మంచి బట్టలు కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. లాండ్రీవాళ్ళందరూ ఆమె పక్కనే. పాస్టరమ్మను చూసి చేతులూపారు.

పాస్టరు మొదలుపెట్టాడు. తాగుడు, లారీ, అప్పులవాళ్ళు, గొడవలు. ఆయన 'నేను' అంటే ఈమె కూడా 'నేను' అనే చెప్పాలి, తర్జుమా అంటేనే అంత. నేను తాగి పడిపోయేవాణ్ణి అని చెప్పింది. నేను నా భార్యను కొట్టేవాణ్ణి అని చెప్పింది. గదిలో ఒక్కరూ కదల్లేదు. ఏడవలేదు, ఆమెన్ అనలేదు. బ్రెడ్డు దుకాణం యజమాని కూడా ఆరోజే మొదటిసారి వచ్చాడు, ఆయన తన బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. జనం నుంచి ఏ చప్పుడూ రాకపోయేసరికి పాస్టరు తడబడ్డాడు. మైకు లేదు, పందిరి లేదు, ఏం చేస్తే ఈ మనుషులు కరుగుతారో తెలియలేదు. గొంతు ఇంకా పెంచాడు. ఎసరు దాకా వచ్చాడు.

"మరిగే ఎసరు ఎత్తి నా భార్య మీద పోశాను!"

పాస్టరమ్మ అదీ చెప్పింది. మరుగుతున్న నీళ్ళు నా భార్య మీద పోశాను. మేస్త్రమ్మ మొహం మాత్రం చూడలేకపోయింది.

"ఇలా రామ్మా," అన్నాడు పాస్టరు. మాటిచ్చిన సంగతి ఆ ఆవేశంలో గాలికి పోయింది. "ఆ చెయ్యి చూపించు!"

ఆమె కదల్లేదు. ఆయన ఒక అడుగు ముందుకు వేసి, తనే ఆమె మణికట్టు పట్టుకుని జాకెట్టు చెయ్యి పైకి తోశాడు. "ఈ చేతిని కాల్చిన పాపిని నేనే! నన్నే దేవుడు క్షమించాడు!"

తర్జుమా కోసం అందరూ ఆమె వైపు చూశారు. ఆమె చెప్పింది. చెప్పక తప్పుతుందా? చెయ్యి గాల్లో ఉంది, మాట నోట్లో ఉంది.

మేస్త్రమ్మ లేచి నిలబడింది. కూర్చున్నచోటి నుంచి లేవడంలోనే ఆమె కోపం తెలిసింది. ఇక్కడివాళ్ళకు పాస్టరు మాట్లాడుతుంటే మధ్యలో అడగకూడదన్న అలవాటు లేదు. పని చోట అడిగినట్టే అడిగింది.

"అతన్ని ఒక మాట అడుగు. దేవుణ్ణి క్షమాపణ అడిగాడు, సంతోషం. మరి నిన్ను అడిగాడా?"

ఎన్ని పందిళ్ళు, ఎంత జనం, ఎందరు ఆడవాళ్ళు ఈ చెయ్యి తాకి కళ్ళకద్దుకున్నారు! ఒక్కరూ ఆ మాట అడగలేదు. తనకైనా తట్టలేదే అని పాస్టరమ్మకు తన మీదే ఒళ్ళు మండింది.

"ఏమంటోందే?" పాస్టరు ఆశగా ముందుకు వంగాడు. "ప్రార్థన చెయ్యమంటోందా?"

"మీరు నన్ను క్షమాపణ అడిగారా అంటోంది."

ఆయన ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, నవ్వేశాడు. "ఓస్, అంతేనా! దేవుడే క్షమించాక ఇంక మనుషులు క్షమించడానికేముంది అని చెప్పు. సిలువ దగ్గరే నా పాపమంతా తుడిచేశాడని చెప్పు. చెప్పవే."

ఆమె చెప్పలేదు. ఆయన చేతిలోంచి తన మణికట్టు విడిపించుకుంది.

"ఏం, తర్జుమా రావడం లేదా?"

"వస్తుంది," అంది పాస్టరమ్మ. "కాలింది దేవుడి చెయ్యి కాదండీ. నాది."

ఎదురుగా వరసగా మొహాలు, వాటిలో ఒక్కటీ తన వైపు లేదని పాస్టరు అప్పుడు చూసుకున్నాడు. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆయన కూడా ఆమెను చూశాడు. చేతిని కాదు, మనిషిని. ఆ చూపుకి ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అంత కోపంలోనూ.

"ఏమన్నాడు?" అంది మేస్త్రమ్మ.

"ఇంకా ఏమీ అనలేదు."

"ఆ రోజు..." అన్నాడు పాస్టరు. ఆగిపోయాడు. "ఆ రోజు నేను నిన్ను..." అని, అలవాటు కొద్దీ అక్కడ ఆగి, తర్జుమా కోసం ఆమె వైపు చూశాడు.

"ఆగకండి," అంది పాస్టరమ్మ. "ఇది వాళ్ళకు చెప్పక్కర్లేదు. నాకు చెప్పండి."